తార్నాక రోడ్డు మీద మా డీజిల్ పరీక్ష

హైదరాబాదు వెళ్లొచ్చానని తెలిసిన వాళ్లంతా తెలంగాణ గొడవల గురించే అడుగుతున్నారు. రాళ్లు పడ్డాయా, బండి అద్దాలు పగిలాయా, మీది ఏ ఊరని నిలదీస్తే ఏం చెప్పావు అని. రాళ్లూ పడలేదు, అద్దాలూ పగల్లేదు. నేను అంత దూరం వెళ్లింది ఒళ్లో సీసాడు డీజిల్ పెట్టుకుని. అక్కడ పడినంత కంగారు, చూసినంత సరదా, తిన్నంత సాంబారు ఈమధ్య కాలంలో ఎరగను. ఎవరికి వారికి విడివిడిగా చెప్పలేక నోరు నొప్పెడుతోంది కనక ఒకేసారి రాసి పారేస్తున్నాను.

మాది కడియం. ఊరంతా నర్సరీలే, మాదీ నర్సరీయే. మొక్కలు తోలడానికి ఒక డీజిల్ పికప్ బండి ఉంది, దాన్ని నడపడానికి వెంకన్న ఉన్నాడు. నేను కాపురానికొచ్చేసరికే అతను మా తోటలో మట్టి మోస్తున్నాడు. తర్వాత డ్రైవింగ్ నేర్చుకుని మా మొదటి బండికీ, ఈ బండికీ అతనే అమ్మా నాన్నా అయ్యాడు.

వానలు మొదలైనప్పటి నుంచీ బండికి జబ్బు చేసింది. పొద్దున్నే తెల్లటి పొగ. ఎత్తు కనిపిస్తే ఆయాసం. ఫిల్టరు మార్చిన వారానికే మళ్లీ జిగట పట్టేసేది. డీజిల్లో నీళ్లు కలిశాయేమోనని వెంకన్న రోజూ ఫిల్టరు కింది మర తిప్పి చూసేవాడు, అక్కడ చుక్క నీరు దిగేది కాదు. ఇక ఊళ్లో అందరూ డాక్టర్లే. డీజిల్లో మందు కలపమని మెకానిక్కూ, స్కూటర్లకి పోసే టూటీ ఆయిల్ కలపమని మా మరిదీ చెప్పారు. మావారు మాత్రం ఏ మందూ అక్కర్లేదనీ, వెంకన్న డీజిల్ అమ్ముకుని ఆ మేరకు కిరోసిన్ పోస్తున్నాడనీ తేల్చేశారు.

తేల్చి ఊరుకున్నా బాగుండేది. ఒక పొద్దున పనిలోకి వచ్చిన కూలీలంతా చూస్తుండగా బండికి డీజిల్ దాచుకునే గది తాళంచెవి ఇలా ఇమ్మన్నారు. వెంకన్న మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పి ఆయన చేతిలో పెట్టి, వెళ్లి మొక్కలకి నీళ్లు పెట్టుకున్నాడు. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

మా పిన్ని కూతురు అరుణ సీతాఫల్‌మండిలో ఉంటుంది, అక్కడి యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఆమె దగ్గర పరిశోధన చేసే పిల్ల ఒకతె డీజిల్లో కలిపే మందుల మీదే పని చేస్తోందని ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. తార్నాకలో ఒక మొక్కల దుకాణానికి లోడు ఎలాగూ వేయాలి. నేనూ బండెక్కుతానన్నాను. ఉద్యమం రోజుల్లో అక్కడికేమిటన్నారు మావారు. వినలేదు. చివరికి ఒప్పందం కుదిరింది. డీజిల్లో కిరోసిన్ ఉందని తేలితే వెంకన్న మానేయాలి, బండి అమ్మేయాలి. బేరగాణ్ణి ఆయన అప్పటికే చూసిపెట్టారు. లేదని తేలితే ఏ మందు పోయాలో కనుక్కుని, బండిని బాగుచేయించుకుని రావాలి.

ట్యాంకులోంచి సీసా నింపింది వెంకన్నే. మూత బిగించి నా చేతికిచ్చాడు.

"ఇది మీ ఒళ్లోనే ఉంచుకోండి అమ్మగారూ. నన్ను పట్టుకోమని మాత్రం అనకండి" అన్నాడు.

బెజవాడ దాకా

బండి నిండా మల్లె, నందివర్ధనం, మందారం, వెనక తలుపు దగ్గర కరివేపాకు మొక్కలు. తెల్లవారుతుండగా గోదావరి దాటుతుంటే నాకు చిన్నపిల్లలా ఉషారు పుట్టుకొచ్చింది. ఇన్నేళ్లుగా మా మొక్కలు వెళ్లిన ఊళ్లన్నీ నాకు చిరునామాల్లోనే తెలుసు. ఆ చిరునామాలకి నేను కూడా వెళుతున్నానన్న మాట.

ఏలూరు దాటాక ఇడ్లీకి ఆగాం. అల్లప్పచ్చడి మన వైపుదే గానీ ఇంకొంచెం బెల్లం తగ్గించి ఉంటే బాగుండేది. బండి పక్కన బల్ల తుడుస్తున్న హోటలాయన ముక్కు ఎగబీల్చి, వేప మొక్కలు కూడా తోలుతున్నారా అని అడిగాడు. లోడులో ఒక్క వేప మొక్క లేదు. ఈయనకి మొక్కల సంగతి తెలియదు పాపం అని నేనూ వెంకన్నా నవ్వుకున్నాం. బయల్దేరాక వెంకన్న నోట్లోంచి వచ్చిన మొదటి నవ్వు అదే.

బెజవాడలో బండి సామాన్ల దుకాణాల వీధి చూడాలి మీరు! మందు సీసా అనగానే కొట్టాయన చీరలు పరిచినట్టు బల్ల నిండా పరిచేశాడు. ఎర్రది, నీలంది, బంగారు మూతది. ఇది పొగ తగ్గిస్తుంది, ఇది మైలేజీ పెంచుతుంది, ఇది ఇంజెక్టర్లని అద్దంలా కడిగేస్తుంది. ఏది మంచిదంటే అన్నీ మంచివేనంటాడు. ఒక్కో సీసా ధర వింటుంటే నా కళ్ల ముందు అమ్ముడుపోవలసిన మల్లె మొక్కలు వరసలు కట్టాయి. డీజిల్లో నీళ్లుంటే తాగేస్తుందన్న నీలం సీసా ఒకటి, మంట బాగా మండుతుందన్న ఎర్ర సీసా ఒకటి కొన్నాను. నీలం సీసా అప్పుడే పోసేద్దామని నాకు చెయ్యి దురద పెట్టింది.

వెంకన్న ఒప్పుకోలేదు. పరీక్ష అయ్యేదాకా ట్యాంకులో ఏమీ పడకూడదన్నాడు. పడితే తర్వాత ఏం తేలినా ఆ మందు వల్లేనంటారని అతని భయం. నిజమే కదా అనిపించి సీసా సంచిలో పడేశాను.

సూర్యాపేటలో పచ్చిపులుసు

కోదాడ దాటాక మాట మారుతుంది. టీ కాస్తా చాయ్ అవుతుంది, ఎక్కడినుంచి అన్నది ఏడికెళ్లి అవుతుంది. గోడల మీద జై తెలంగాణ రాతలు, కరెంటు స్తంభాలకి గులాబీ రంగు తోరణాలు. మా బండి నంబరు చూస్తే తూర్పు గోదావరి అని ఎవరైనా చెప్పేస్తారు.

సూర్యాపేట బయట ఒకామె నడిపే పాకలో భోజనానికి కూర్చున్నాం. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు. మనం చారు మరిగించి మరిగించి తాగుతాం. వాళ్లు చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నువ్వుల పొడి వేసి పొయ్యి మీద పెట్టకుండానే పోసేస్తారు. మొదటి ముద్దకి ఇదేమిటి పచ్చిగా అనుకున్నాను. మూడోసారి నేనే అడిగి పోయించుకున్నాను. మీ దిక్కు కూరల చక్కెర ఏస్తరట గదా అని ఆమె నన్ను అడిగింది. చక్కెర కాదు, బెల్లం అన్నాను, అదేదో గొప్పన్నట్టు. ఆమె పడీ పడీ నవ్వింది.

భోంచేసి బయల్దేరబోతే బండి స్టార్టు కాలేదు. పాకలో తింటున్న ఇద్దరు లారీ వాళ్లు చెయ్యి కడుక్కోకుండా ఎడం చేత్తోనే తోశారు. తెల్లటి పొగ పాకంతా కమ్మేసింది. తోసిన వాళ్లు కనపడక మేం పొగకే దండం పెట్టి కదిలాం.

సీతాఫల్‌మండి

అరుణ ఇంటి సందులోకి బండి పట్టలేదు. రైల్వే స్టేషన్ దగ్గర ఆపుకుని నడిచి వెళ్లాం. గుమ్మంలోనే నన్ను కావలించుకుని, "అక్కా, నీ చీరంతా వేప వాసనేంటే" అంది. మొక్కల మధ్య బతికేదాన్ని, సెంటు వాసన ఎక్కణ్ణించి వస్తుంది అన్నాను.

అరుణ చెప్పిన కబురుతో నా ఉషారంతా చల్లారింది. సమ్మె కారణంగా యూనివర్సిటీలో ల్యాబులన్నిటికీ తాళాలు. ఆ పరిశోధన పిల్ల పేరు మంజుల, జనగామ వైపు పిల్ల. ల్యాబులు మూయించిన వాళ్లలో ఆమే ముందుందిట. రేపు తార్నాకలో వంటావార్పు ఉంది, మంజుల అక్కడే దొరుకుతుంది, అడిగి చూడు అంది. వంటావార్పు అంటే ఊరేగింపు, నినాదాలతో సరిపెట్టకుండా నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, వండి, వచ్చిన వాళ్లందరికీ పెట్టి రోడ్డుని స్తంభింపజేయడం. మా వైపు అన్నదానమంటే గుడి దగ్గర చేస్తాం. ప్రభుత్వం మీద కోపంతో అన్నం పెట్టడం నేను అక్కడే విన్నాను.

అరుణ వాళ్లు ఆ ఊళ్లో స్థిరపడి చాలా ఏళ్లయింది. వాళ్ల పిల్లలు నాతో "పెద్దమ్మా, గాడ కూసో" అంటుంటే ముద్దొచ్చింది. రేపు రాష్ట్రం వస్తే మీరేం చేస్తారే అని అడిగాను. అరుణ కూర తరగడం ఆపలేదు. పొద్దున్నే లేచి పాఠం చెప్పుకుంటాను అక్కా, ఇంకేం చేస్తాను అంది. ఆమె గొంతులో భయమూ ఉంది, విసుగూ ఉంది. నేను మళ్లీ అడగలేదు.

తార్నాక ఫ్లైఓవర్

మర్నాడు కింది రోడ్డు వంటావార్పుకి మూసేశారు కనక లోడుతో తార్నాక ఫ్లైఓవర్ ఎక్కబోయాం. సగం ఎత్తు కూడా ఎక్కలేదు, బండి దగ్గి, వణికి, ఆగిపోయింది. వెనక హారన్లు. వెంకన్న బ్రేకు వదులుతూ పడుతూ మెల్లిగా వెనక్కి జార్చాడు. నేను సీసాని రెండు చేతులా పొట్టకి హత్తుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బండి కిందికి దిగి, సరిగ్గా వంటావార్పు ముందు ఆగి ఉంది.

రాళ్లు కూర్చిన పొయ్యిల మీద మనిషి కూర్చునేంత గిన్నెలు. కూరగాయల గుట్టలు. డప్పులు. మెడలో గులాబీ కండువాలతో కుర్రాళ్లూ అమ్మాయిలూ. ఒక పొడుగాటి కుర్రాడు ముందు నంబరు ప్లేటు వైపు, తర్వాత నా వైపు చూశాడు.

"ఏడికెళ్లి వచ్చిండ్రు ఆంటీ?" అన్నాడు.

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ లోడంతా కడియం సంచులే. కడియం, తూర్పు గోదావరి అని ఉన్న మాటే చెప్పాను. అతను వెనక్కి తిరిగి నలుగుర్ని పిలిచాడు. అయిపోయింది మన పని అనుకున్నాను. ఆ నలుగురూ వచ్చి బండిని తోసి ఫ్లైఓవర్ నీడలో నిలబెట్టి, ఎండకి మొక్కలు వాడిపోతయి అని వెళ్లిపోయారు. నాకు సిగ్గుతో నవ్వొచ్చింది.

అంతలో సాంబారు పొయ్యి దగ్గర గోల మొదలైంది. పోపులోకి కరివేపాకు లేదు. బందు కదా, కూరగాయల కొట్లు మూసేశారు. వంట చేస్తున్న పెద్దాయన అది లేకుండా గరిటె పట్టనంటున్నాడు. అందరి చూపులూ తిరిగి తిరిగి మా బండి వెనక తలుపు మీద ఆగాయి. అక్కడ నవనవలాడుతూ కరివేపాకు మొక్కలు!

మొక్క అమ్ముకునే వాళ్లకి ఆకు తెంపడమంటే ప్రాణం పోయినంత పని. దుకాణం వాడు బోడి మొక్కలు తీసుకోడు. కానీ నూనె కాగి పొగలొస్తోంది. నేనే కొంగు దోపుకుని బండెక్కి, చిగుళ్లు వదిలేసి కింది రెమ్మలు దూసి ఇచ్చాను. పోపు చిటపటలాడగానే డప్పు కొట్టే వాళ్లు నా పేరు మీద ఒక దరువు వేశారు. నా పేరు వాళ్లకి తెలియదు కనక కరివేపాకు ఆంటీ అన్నారు.

సీసా విప్పాం

మంజుల దొరికింది. వంకాయలు తరుగుతోంది. సన్నగా, పెద్ద కళ్లద్దాలతో, కాస్త గట్టిగా మాట్లాడే పిల్ల. నేను అరుణకి అక్కనని చెప్పి సంగతంతా చెప్పాను. తాళంచెవి సంగతి కూడా చెప్పాను. ఆమె కత్తి పక్కన పెట్టింది.

"ల్యాబ్ తెరువను ఆంటీ. నేనే మూసి నేనే తెరిస్తే దోస్తుల ముందర మొహం ఎట్ల చూపెట్టాలె?" అంది.

ఒక్క క్షణం నాకు ఏడుపొచ్చింది. పక్కనే నిలబడ్డ వెంకన్న, పోనీలెండి అమ్మగారూ, ఎల్దాం అన్నాడు. ఆ మాటకి మంజుల లేచింది. ల్యాబ్ తెరువనన్న గానీ పరీక్ష చెయ్యనన్ననా అని, చేతులు కడుక్కుని సీసా అందుకుంది.

మూత తీసి వాసన చూసింది. మళ్లీ చూసింది. ముఖం చిట్లించి వెంకన్న వైపు తిరిగింది.

"కాకా, గిదేంది? డీజిల్ల వేప నూనె వాసన వస్తున్నది."

ఏలూరు హోటలాయన, అరుణ, ఇప్పుడు ఈ పిల్ల. నేను సీసా లాక్కుని పీల్చి చూశాను. నా ముక్కుకి డీజిల్ తప్ప ఏమీ తగల్లేదు. వెంకన్నా చూశాడు, అతనికీ అంతే. చిన్నప్పటినుంచీ రోజూ పురుగులకి వేప నూనె పిచికారీ కొట్టే మా ఊరి ముక్కులకి వేప వాసన అనేదే లేదు. గాలికి వాసన లేనట్టు మాకు దానికీ లేదు.

ఆమె ఖాళీ నీళ్ల సీసాలు తెప్పించి మా డీజిల్ వాటిలో తలా కొంచెం పోసింది. దేనిలోనూ చూపు ఆనడం లేదు, మబ్బుగా ఉంది. ఒకదాన్ని అలాగే ఉంచింది. ఒకదానిలో బెజవాడ ఎర్ర మందు, ఒకదానిలో నీలం మందు వేసింది. ఇంకో మందు కావాలని వెంకన్న వెంట ఒక కుర్రాణ్ణి పంపింది. సగం షట్టరు దించుకుని కూర్చున్న దుకాణంలోంచి వాళ్లు తెల్ల సీసా తెచ్చారు. అన్నిటినీ గట్టిగా కుదిపి ఫ్లైఓవర్ గోడ మీద వరసగా నిలబెట్టింది. జనం మూగేశారు. ఏ సీసా గెలుస్తుందో పందేలు కూడా కాశారు. నేను నీలం సీసా మీద కాశాను, నా డబ్బు పోసి కొన్నాను కదా!

ముందు అన్నం తినుండ్రి, గవి ఏడికీ పోవు అంది మంజుల. నడిరోడ్డు మీద, తారు మీద కూర్చుని విస్తరాకుల్లో అన్నం, వంకాయ కూర, సాంబారు తిన్నాం. వద్దన్నా వడ్డించే చేతులు ఆగవు. వెంకన్న మాత్రం కలుపుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు, ముద్ద ఎత్తలేదు.

తినేసి వెళ్లి చూస్తే నాకు ఒళ్లు పులకరించింది. తెల్ల మందు వేసిన సీసాలో అడుగున నీళ్లు దిగిపోయాయి, పైన డీజిల్ తేనెలా తేరుకుంది. అలాగే ఉంచినదాంట్లోనూ ఎర్రదాంట్లోనూ మార్పు లేదు. నేను పందెం కాసిన నీలం సీసా విరగని పాలలా తెల్లగా కూర్చుంది.

మంజుల చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. డీజిల్‌కి పోసే మందులన్నీ ఒక జాతివి కావు. కొన్ని మంట కోసం, కొన్ని పంపు అరగకుండా జిడ్డు కోసం, కొన్ని మకిలి కడగడానికి. నీళ్ల కోసం అమ్మేవాటిలోనే రెండు తెగలు. ఒక తెగ నీళ్లను డీజిల్లో కలిపేసి కనపడకుండా చేస్తుంది, రెండో తెగ విడగొట్టి అడుక్కి దించుతుంది. విడిపోతేనే ఫిల్టరు కింది మర తిప్పి వదిలేయగలం. మన బండిలో నీళ్లు ముందే కలిసిపోయి ఉన్నాయి, అందుకే రోజూ తిప్పినా వెంకన్నకి చుక్క దొరకలేదు. కలిపింది ఏమిటో చూద్దామని ఆమె అడుగున దిగిన నీటిని వేళ్ల మధ్య రుద్దింది, నన్నూ రుద్దమంది. జారుతోంది. అది సబ్బు.

వేప నూనె నీళ్లలో కలవడానికి మేం సబ్బు కలుపుతాం. ఆ కలిపిన మందు ఉంచేది పెద్ద ప్లాస్టిక్ క్యాన్లలో. మా నర్సరీలో ఏ క్యానూ పారేయం, ఒకటి ఖాళీ అయితే దానికి మరో కొలువు సిద్ధం. బందులు మొదలై బంకులు ఎప్పుడు మూస్తారో తెలియని రోజుల్లో, ముందుచూపుతో ఆ క్యాన్లలో డీజిల్ నింపి గదిలో దాచారు. శుభ్రంగా కడిగే నింపారు, కాకపోతే తడి ఆరనివ్వలేదు. ఎవరికీ అప్పగించకుండా, పంచె ఎగ్గట్టి, సబ్బునీళ్లతో తళతళలాడేలా కడిగింది మావారే.

బంకులో జాడీ

సబ్బు సంగతి తేలింది గానీ కిరోసిన్ సంగతి తేలాలి కదా. నేను అడగకముందే వెంకన్న అడిగాడు. అది కూడా చూడమ్మా, సగంలో ఆపకు అన్నాడు.

దగ్గర్లో పెట్రోలు బంకు ఉంది. బందుకి మూసి ఉన్నా మేనేజరు లోపలే కూర్చుని లెమన్ రైస్ తింటున్నాడు. డీజిల్ చిక్కదనం చూసే గాజు జాడీ, అందులో తేలే గాజు కడ్డీ ప్రతి బంకులోనూ ఉంటాయిట, అడిగితే చూపించాలిట. ఇన్నేళ్లుగా డీజిల్ కొంటున్నాం, నాకిది తెలియదు. మంజుల మొదట బంకు డీజిల్ పోసి కడ్డీ ఎక్కడిదాకా మునిగిందో గుర్తు పెట్టించింది. తర్వాత మా సీసాలో మిగిలిన డీజిల్‌ని తెల్ల మందుతో తేర్చి, పైదాన్ని ఒంపి జాడీ నింపింది. కిరోసిన్ కలిసి ఉంటే డీజిల్ పలచనై కడ్డీ ఇంకా కిందికి మునగాలి.

కడ్డీ ఊగింది. పైకీ కిందికీ ఆడింది. ఆగింది. బంకు డీజిల్ గుర్తు దగ్గరే ఆగింది.

"కిరోసిన్ లేదు కాకా. ఒక్క చుక్క గూడ అమ్ముకోలే నువ్వు" అంది మంజుల.

వెంకన్న కండువా మొహానికి అడ్డం పెట్టుకుని బంకు గోడ వైపు తిరిగాడు. నేనూ ఆపుకోలేకపోయాను. మేనేజరు ఏం చేయాలో తెలియక ఇద్దరికీ లెమన్ రైస్ పెట్టబోయాడు.

మంజుల నా పక్కన మెట్ల మీద కూర్చుంది. వాళ్ల నాన్న బోరు వేసి వేసి అలిసిపోయిన సంగతీ, చదువుకున్న అన్నకి ఉద్యోగం రాని సంగతీ చెప్పింది. తర్వాత వెంకన్న వైపు చూపించి, "మా లొల్లి గూడ గదే ఆంటీ. మా ఇంటి తాళంచెవి మా మొలకుండాలె" అంది. నాకు ఆమెతో వాదించాలనిపించలేదు. ఆమె చేతుల్లో ఇంకా మా డీజిల్ వాసన వస్తోంది. వేప వాసన కూడా వస్తుండాలి.

మావారికి ఫోను చేశాను. కిరోసిన్ లేదన్నాను. మరేముందన్నారు. సబ్బు, మీ సబ్బు అన్నాను. శుభ్రంగానే కడిగాను కదా అని ఫోను పెట్టేశారు. ఆ ఒక్క మాటకి నాకు ఒళ్లు మండిపోయింది.

క్యాంపస్ చెట్ల కింద

తర్వాతి రోజు క్యాంపస్‌లో, పెద్ద రాతి భవనానికి దూరంగా చెట్ల నీడలో వెంకన్న బండి కింద దూరాడు. ట్యాంకు దించి, కడిగి, ఆరబెట్టి, ఫిల్టరు కొత్తది వేశాడు. ఆ పాడు డీజిల్‌ని పారబోయబోతే మంజుల అడ్డం పడి డబ్బాలకెత్తుకుంది. వేప సబ్బు కలిసిన డీజిల్ తన పరిశోధనలో ఎవరూ తెచ్చివ్వని సరుకుట!

కొత్త డీజిల్ పోశాక తెల్ల సీసా ఎంత వేయమంటావన్నాను. మంచి డీజిల్‌కి మందెందుకు, జ్వరం లేనోళ్లకు గోలీ ఏస్తరా అంది. అయినా నా ముఖం చూసి, పైపుల్లో మిగిలిన తడి కోసం ఈ ఒక్క ట్యాంకుకి మూతెడు వేయించింది. మా మరిది చెప్పిన టూటీ ఆయిల్ గురించి అడిగితే, బండికి పొగ తాగడం నేర్పొద్దంది. నీలం సీసా ఆమెకే ఇచ్చేశాను.

ఆ సాయంత్రం మళ్లీ తార్నాక ఫ్లైఓవర్. రోడ్డు తెరిచారు. కింద నల్లటి పొయ్యి మచ్చలు ఇంకా ఉన్నాయి. వెంకన్న మూడో గేరులోనే ఎక్కించాడు. బండి దగ్గలేదు, వణకలేదు. శిఖరం మీదికి రాగానే నేను చంటిపిల్లలా చప్పట్లు కొట్టాను. వెంకన్న మాత్రం అద్దంలో వెనక్కి చూసి, పొగ లేదమ్మగారూ అన్నాడు. మొక్కల దుకాణం వాడు ఆకు దూసిన కరివేపాకు మొక్కలు వద్దన్నాడు. వాటిని వెనక్కి తీసుకెళ్లి మంజుల హాస్టల్ ముందు నాటించి వచ్చాను.

మళ్లీ కడియం

మర్నాడు ఇంటికి చేరేసరికి పొద్దువాలింది. కూలీలు వెళ్లిపోయారు. వాకిట్లో అడుగుపెడుతూనే చూశాను. ఆ క్యాన్లన్నీ నిలువునా కోసి, అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి ఉన్నాయి. అన్నింట్లో మల్లె అంట్లు. మా ఇంట్లో క్యాన్లకి ఇదే ఆఖరి కొలువు. గది గుమ్మం దగ్గర మాత్రం కొత్త డ్రమ్ము ఒకటి ఉంది, దాని మీద ఎర్ర రంగుతో డీజిల్ అని రాసి ఉంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, మావారివే.

ఆయన అరుగు మీంచి లేచి వచ్చారు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు. నా వైపు చూడలేదు. జేబులోంచి తాళంచెవి తీసి వెంకన్న వైపు చాపారు.

వెంకన్న చెయ్యి చాపలేదు.

"ఇప్పుడొద్దండయ్యగారూ. ఆ యేళ అందరి ముందూ తీసుకున్నారు కదండీ. రేపు పొద్దున్న ఆళ్లంతా వచ్చాక ఇవ్వండి" అన్నాడు.

చెప్పి, బండి తుడుచుకునే గుడ్డ భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. మావారు చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను ఆయన్ని ఓదార్చలేదు, దెప్పలేదు కూడా. లోపలికి వెళ్లి పచ్చిపులుసు చేశాను. ఆయన ఇదేమిటి పచ్చిగా అనలేదు, పోసినంత తాగేశారు.

పొద్దున్నే కూలీలు పాదుల దగ్గరికి చెదిరిపోకముందే మావారు అందర్నీ వాకిట్లో ఆపారు. మాట్లాడ్డానికి రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నారు. చివరికి, "డీజిల్ పాడు చేసింది నేను. వెంకన్న కాదు" అన్నారు. తాళంచెవి ఇచ్చారు. వెంకన్న అక్కడే అందరి ముందూ దాన్ని మొలతాడుకి ముడేసుకుని, గది తలుపు తీశాడు. డ్రమ్ము మూత విప్పి, లోపలికి వంగి వాసన చూసి, నా వైపు తిరిగాడు.

"మన ముక్కులు పనికిరావు గానండి అమ్మగారూ, బయటోళ్లని ఎవర్నైనా పిలవండి" అన్నాడు.